బరంపురం తాతయ్య ఎముకకు ఎవరి కొలబద్ద?

ఎముక సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్ రిపోర్టు చేతికి రాగానే అందరి కళ్ళూ ముందు రంగుల పట్టీ మీదికే పోతాయి. చుక్క ఆకుపచ్చలో ఉందా, పసుపులో ఉందా, ఎరుపులోకి దిగిందా అని. ఆ పట్టీకి పైన పేరు, వయసు, ఎత్తు, బరువు వరుసలో ఇంకో గడి ఉంటుంది. దాన్ని ఎవరూ చదవరు. రోగి ఏ జాతివాడో అందులో రాసి ఉంటుంది: వైట్, బ్లాక్, హిస్పానిక్, ఏషియన్, కొన్ని మెషిన్లలో ఇండియన్ అని కూడా. టెక్నీషియన్ అక్కడ ఏది నొక్కాడు, మెషిన్ లోపల ఎవరి పట్టిక పెట్టారు అన్నదాన్ని బట్టి కింద అచ్చయ్యే అంకె మారగలదు. ఎముక మాత్రం అదే ఎముక.

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగు ఇళ్ళల్లో పెద్దవాళ్ళకు ఈ స్కాన్ రాస్తే బరంపురానికో విశాఖకో వెళ్ళి తీయించుకొస్తారు. తెచ్చాక ఇంట్లో రెండు మాటలు వినిపిస్తాయి. పెద్దాయన అనేది: "ఎముకలు గుల్లబారడం ఆడవాళ్ళ జబ్బు కదా బాబూ, నాకెందుకొస్తుంది?" ఫోనులో నాలుగు వీడియోలు చూసిన మనవడు అనేది: "మన ఇండియావాళ్ళ ఎముకలు పుట్టుకతోనే వీకు తాతయ్యా." మొదటి మాట తప్పు. రెండోది సగం కూడా నిజం కాదు. కానీ దాని వెనక దశాబ్దాల పరిశోధన ఉంది, అది బాగా చిక్కుపడి ఉంది. ఈ వ్యాసం ఆ చిక్కు విప్పడానికే.

మొదటి మాట ముందు తేల్చేద్దాం. ఆడవాళ్ళలో నెలసరి ఆగాక కొన్నేళ్ళపాటు ఎముక గబగబా తరిగిపోతుంది. మగవాళ్ళలో అలాంటి దిగుడు మెట్టు లేదు, తరుగు నెమ్మదిగా సాగుతుంది. అందుకే కనపడదు. ఢిల్లీలో 50 దాటినవాళ్ళ వెన్ను ఎక్స్‌రేలు తీసి చూసిన అధ్యయనం 2012లో అచ్చయింది. వెన్నుపూస నలిగినవాళ్ళు ఆడవాళ్ళలో 17.1 శాతం, మగవాళ్ళలో 18.8 శాతం. హర్యానాలో రోహతక్ జిల్లా మొత్తం మీద తుంటి విరిగిన కేసులు లెక్కపెట్టి 2013లో ప్రచురించారు: 50 దాటిన ప్రతి లక్షమందికి ఏడాదిలో ఆడవాళ్ళలో 159, మగవాళ్ళలో 105. పాశ్చాత్య దేశాల్లో ఆడవాళ్ళ లెక్క మగవాళ్ళకు రెండింతలు, అంతకు మించి ఉంటుంది. ఇక్కడ ఒకటిన్నర రెట్లే. పైగా తుంటి విరిగాక ఏడాది తిరక్కుండా ప్రాణం పోయేది ఆడవాళ్ళకంటే మగవాళ్ళలోనే ఎక్కువ. చాలా దేశాల్లో ఇదే కనిపించింది.

ఇంకో సంగతి రోగులకు ఎవరూ చెప్పరు. మగవాడి ఎముకను నిలబెట్టేది టెస్టోస్టిరాన్ ఒక్కటే కాదు. అందులో కొంత ఒంట్లోనే ఈస్ట్రోజెన్‌గా మారుతుంది, ఎముకకు పెద్ద కాపలా అదే. 1994లో వైద్య పత్రికలకెక్కిన ఒక అమెరికన్ యువకుడి కేసుతో ఇది బాగా తెలిసింది. 28 ఏళ్ళవాడు, టెస్టోస్టిరాన్ మామూలుగానే ఉంది. ఈస్ట్రోజెన్‌ను అందుకునే గ్రాహకం మాత్రం జన్యులోపం వల్ల పనిచెయ్యలేదు. ఆ వయసుకే ఎముకలు గుల్లబారాయి, ఎత్తు పెరగడం ఇంకా ఆగలేదు. కాబట్టి ఈ జబ్బును ఆడా మగా అని విడగొట్టి చూడటానికి శరీరంలో ఆధారం తక్కువ.

ఇక జాతుల సంగతి.

2000 నుంచి 2002 వరకు అమెరికాలో ఆరు కేంద్రాల్లో 65 దాటిన 5,994 మంది మగవాళ్ళను చేర్చుకుని 'మిస్టర్ ఓఎస్' అనే అధ్యయనం మొదలుపెట్టారు. అదే పద్ధతిలో హాంకాంగ్‌లో 2,000 మందిని, స్వీడన్‌లో 3,000 మందికి పైగా చేర్చుకున్నారు. కరీబియన్ సముద్రంలోని టొబాగో దీవిలో ఆఫ్రికా మూలాల మగవాళ్ళ మీద వేరే అధ్యయనం నడిచింది. అన్నీ పక్కపక్కన పెడితే డెక్సా అంకెల వరుస స్పష్టంగానే ఉంది. ఆఫ్రికా మూలాలవాళ్ళు అందరికంటే పైన, తెల్లవాళ్ళు నడుమ, ఆసియావాళ్ళు కింద.

సాంద్రత తక్కువైతే ఎముక ఎక్కువగా విరగాలి. ఆ లెక్కన ఆసియా మగవాళ్ళ తుంట్లే ఎక్కువ విరగాలి. అలా జరగలేదు. అమెరికాలోనే చూస్తే తుంటి విరుగుళ్ళు తెల్లవాళ్ళలో ఎక్కువ, ఆసియా మూలాలవాళ్ళలో వాళ్ళకంటే తక్కువ, నల్లవాళ్ళలో కూడా తక్కువే. ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా తుంట్లు విరిగేది పాలకు, వెన్నకు కొదవలేని స్కాండినేవియా దేశాల్లో. సాంద్రత వరుసకూ విరుగుళ్ళ వరుసకూ పొత్తు కుదరలేదు. అసలు ప్రశ్న ఇక్కడ మొదలవుతుంది.

జవాబులో పెద్ద ముక్క కొలిచే పద్ధతిలోనే ఉంది. డెక్సా ఎముకను నీడలాగా చూస్తుంది. పొడవు, వెడల్పు తెలుస్తాయి, మందం తెలియదు. ఎదురుగా ఒక చదరపు సెంటీమీటరులో ఎంత ఖనిజం కనిపించిందో అంత రాస్తుంది. ఒకే పదార్థంతో చేసిన రెండు ఎముకలు అనుకోండి. ఒకటి 3 సెంటీమీటర్ల మందం, ఇంకోటి 4. పదార్థం రెండింట్లోనూ ఒకటే, అయినా రెండోదాని వెనక ఖనిజం ఎక్కువ పోగుపడి ఉంది కనుక మెషిన్ దానికి మూడోవంతు ఎక్కువ మార్కులు వేస్తుంది. అంటే ఆరడుగుల స్వీడన్ మనిషికీ, ఐదడుగుల మూడంగుళాల బరంపురం మనిషికీ ఒకే నాణ్యమైన ఎముక ఉన్నా, రిపోర్టులో మనవాడిదే పలచన అని పడుతుంది. మిస్టర్ ఓఎస్‌లాంటి అధ్యయనాల్లో ఎత్తు, బరువు లెక్కలోకి తీసుకున్నాక ఆసియా మగవాళ్ళకూ తెల్లవాళ్ళకూ మధ్య తేడా బాగా కుంచించుకుపోయింది. ఎముకను మూడు కొలతల్లో చూసే సీటీ పద్ధతిలో పరీక్షిస్తే తుంటి ఎముక మెడ దగ్గర పైపొర ఆసియా, ఆఫ్రికా మూలాలవాళ్ళలోనే మందంగా ఉందని తేలింది. చిన్న ఎముక, గట్టి గోడ. డెక్సా ఆ గోడ మందాన్ని విడిగా చూపించలేదు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఆ అధ్యయనాల్లో 'ఆసియా' అంటే ఎక్కువగా చైనా, జపాన్ మూలాలవాళ్ళు. తెలుగువాళ్ళు, ఒడియావాళ్ళు అందులో ఉన్నా అతి తక్కువ. రిపోర్టు మీద 'ఏషియన్' అని పడిందంటే మనల్ని హాంకాంగ్ మనిషి పక్కన నిలబెట్టారన్నమాట. అది కూడా మన ఒంటికి సరిగ్గా సరిపోయే చొక్కా కాదు.

ఇప్పుడు ఆ ఎర్రపట్టీ సంగతి. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత ఇది: యవ్వనంలో ఉన్నవాళ్ళ సగటు నుంచి ఎంత కిందికి దిగారో చెప్పే టి-స్కోరు మైనస్ 2.5 కానీ, అంతకంటే కిందికి కానీ ఉంటే ఎముకలు గుల్లబారినట్టు. మైనస్ 1కీ మైనస్ 2.5కీ మధ్యనుంటే సాంద్రత తగ్గినట్టు. ఎవరి యవ్వనం? తుంటి ఎముక మెడకు అంతర్జాతీయంగా సిఫారసు చేసే కొలబద్ద 20 నుంచి 29 ఏళ్ళ తెల్లజాతి అమెరికన్ యువతులది. మగవాళ్ళకు కూడా అదే. వింతగా అనిపించవచ్చు. కానీ దానికో కారణం ఉంది. ఒకే సాంద్రత, ఒకే వయసు ఉన్న ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ తుంటి విరిగే ముప్పు దాదాపు సమానమని అధ్యయనాలు చెప్పాయి కాబట్టి అందరికీ ఒకే కొలబద్ద పెట్టారు.

ఒక పెద్దాయన తుంటి మెడ దగ్గర చదరపు సెంటీమీటరుకు 0.585 గ్రాములు వచ్చిందనుకుందాం. ఆ యువతుల సగటు 0.858, దాని విచలనం (సగటు నుంచి మనుషులు అటూఇటూ ఎంత తేడాగా ఉంటారో చెప్పే కొలత) 0.120. తీసివేసి భాగిస్తే టి-స్కోరు మైనస్ 2.3, పసుపు పట్టీ. అదే మెషిన్‌లో తెల్లజాతి యువకుల పట్టిక పెడితే సగటు 0.934, విచలనం 0.137. ఇప్పుడు మైనస్ 2.5, ఎరుపు. పొద్దున్న జబ్బు లేదు, మధ్యాహ్నం ఉంది. మధ్యలో మారింది పట్టిక ఒక్కటే. భారత వైద్య పరిశోధన మండలి 2010లో మనవాళ్ళ సొంత పట్టిక తయారుచేసింది. మన యువకుల సగటు తెల్లవాళ్ళకంటే తక్కువ కనుక దానితో కొలిస్తే జబ్బున్నవాళ్ళ లెక్క తగ్గుతుంది. మంచిదే కదా అనిపిస్తుంది. నాకు అందులో ఒక బెంగ ఉంది. మన యువకుల సగటు తక్కువుండటానికి కారణం చిన్న ఒళ్ళు మాత్రమేనా, లేక చిన్నప్పుడు చాలని తిండి కూడానా? రెండోదే అయితే ఆ తక్కువను మామూలు అని రాసుకోవడం ఆకలికి ముద్ర వేసి ఆమోదించడమే అవుతుంది. స్కాన్ తీయించుకునేవాళ్ళు కనీసం ఒకటి చేయవచ్చు: రెండేళ్ళ తర్వాత మళ్ళీ తీయించేటప్పుడు అదే సెంటరులో, అదే మెషిన్‌లో తీయించుకోవాలి. పోల్చాల్సింది టి-స్కోరును కాదు, గ్రాముల అంకెను.

సాంద్రత ఎక్కువుంటే నిశ్చింత అనుకోవడానికీ లేదు. అమెరికాలో ఎముకలు గుల్లబారిన ఆడవాళ్ళకు నాలుగేళ్ళపాటు ఫ్లోరైడ్ ఇచ్చి చూసిన పరీక్ష 1990లో అచ్చయింది. వెన్నులో సాంద్రత 35 శాతం పెరిగింది. వెన్నుపూసలు విరగడం మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు, మిగతా ఎముకలు విరగడం ఇంకా ఎక్కువైంది. ఎముక సుద్దముక్కలా తయారైంది, చూడ్డానికి నిండుగా ఉన్నా వంగలేక విరుగుతుంది. నల్గొండలాంటి చోట్ల ఫ్లోరైడ్ నీళ్ళు తాగినవాళ్ళకు ఈ మాట కొత్తగా చెప్పక్కర్లేదు.

జాతి అన్న మాట ఎంత గట్టిదో చూడాలంటే సింగపూర్ వైపు చూడాలి. అక్కడ చైనీయులు, మలయులు, భారతీయులు ఒకే ఊళ్ళో ఉంటారు. భారతీయుల్లో తమిళులే ఎక్కువ, తెలుగువాళ్ళూ ఉన్నారు. 1960లలో తుంటి విరుగుళ్ళు భారతీయుల్లోనే ఎక్కువగా ఉండేవి. 1990ల లెక్కలు తీసేసరికి వరుస తిరగబడింది. చైనీయుల్లో, మలయుల్లో పెరిగాయి, భారతీయుల్లో తగ్గాయి. చైనీయ మగవాళ్ళలో లక్షకు 168, భారతీయ మగవాళ్ళలో 128, మలయ మగవాళ్ళలో 71. ముప్పై ఏళ్ళలో ఎవరి జన్యువులూ మారవు. మారింది బతుకు: తిండి, పని, నడక, మెట్లు, ఆయుష్షు. నా మటుకు ఈ ఒక్క ఉదాహరణ చాలు, 'పుట్టుకతోనే వీకు' అన్న మాట కట్టిపెట్టడానికి.

విరిగే ముప్పు లెక్కగట్టే ఫ్రాక్స్ అనే పద్ధతిలో కూడా ఇదే తగువు. ఇంగ్లండులోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయం నుంచి 2008లో వచ్చింది. అమెరికా ఫ్రాక్స్‌లో నల్లవాళ్ళు, ఆసియావాళ్ళు, హిస్పానిక్‌లు అని నొక్కితే మిగతా వివరాలన్నీ ఒకటే అయినా ముప్పు సుమారు సగానికి పడిపోతుంది. అలా పడిపోయిన మనిషికి మందు రాయరు. రేపు అతను పడితే ఆ లెక్క వచ్చి పట్టుకోదు. మూత్రపిండాల పనితీరు లెక్కలో జాతి గుణకాన్ని అమెరికా వైద్యులు 2021లో తీసేశారు. ఎముకల లెక్కలోనూ తీసెయ్యాలన్న వాదన ఇప్పుడు బలపడింది. మనకు ఫ్రాక్స్‌లో భారతదేశం అని విడిగా ఎంపిక ఉంది, డాక్టరు దాన్నే వాడాలి.

మనవాళ్ళలో విరుగుళ్ళు తక్కువ అన్న లెక్కల్లో ఇంకో లొసుగు ఉంది. ఆసుపత్రికి వచ్చినవాళ్ళనే లెక్కపెడతారు. గజపతి జిల్లా గుమ్మ కొండల మీద పడ్డ ముసలాయన వెదురుబద్దల కట్టు కట్టించుకుని మంచం మీదే ఉండిపోతే ఆయన ఏ పట్టికలోనూ ఉండడు. ఆఫ్రికా దేశాల తక్కువ లెక్కల మీద కూడా ఈ అనుమానం ఉంది. అయితే గాంబియాలో దగ్గరుండి గమనించిన పరిశోధకులకు కూడా, రోజుకు మూడు నాలుగు వందల మిల్లీగ్రాముల కాల్షియం మీద బతికే పల్లెల్లో విరుగుళ్ళు నిజంగానే తక్కువగా కనిపించాయి. కాబట్టి కాల్షియం ఒక్కదానితో కథ ముగియదు.

ఇక మన జిల్లాలకు వద్దాం. జాతి అన్న గడి ఎంత మొరటుదో తెలియడానికి అమెరికాదాకా పోనక్కర్లేదు.

బరంపురంలో పట్టు నేసే దేవాంగుల వీధులు చూడండి. తరాల కిందట వచ్చి స్థిరపడ్డ తెలుగు నేతగాళ్ళు. గుంటమగ్గం ఇంట్లోనే ఉంటుంది. నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించి, నడుం ముందుకు వంచి, తల పడుగు మీద పెట్టి కూర్చుంటారు. చెయ్యి నాడె ఆడిస్తుంది, కాలు పలకలు తొక్కుతుంది, మోసే బరువు మాత్రం ఏమీ లేదు. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం దాకా అదే భంగిమ, గదిలోకి ఎండ రాదు. ఆ పని నలభై, యాభై ఏళ్ళు చేసిన మనిషి వీపు వంగి ఉంటే ఇంట్లోవాళ్ళు "మగ్గం గూని" అని ఊరుకుంటారు. అది కూర్చునే తీరువల్ల వచ్చిన వంపా, లోపల వెన్నుపూస నలిగి వచ్చిన వంపా అన్నది ఒక పక్కవాటు ఎక్స్‌రేతో తేలిపోతుంది. ఆ ఎక్స్‌రే చాలామందికి జన్మలో తీయరు.

అక్కడి నుంచి పర్లాకిమిడి మీదుగా కొండెక్కితే సెరంగో, గుమ్మ ప్రాంతాల్లో సవర రైతులు. ఎండలో పని, వాలు మీద బరువుతో నడక, చోడంబలి (రాగి అంబలి) తాగడం. బరువు పడే కొద్దీ ఎముక గట్టిపడుతుంది కాబట్టి ఇవన్నీ మంచివే. కానీ చిన్నప్పటి చాలీచాలని తిండి, ఇప్పసారా, మలేరియా ఎముకను వెనక్కి లాగుతాయి. ఇక మైదానంలో గంజాం కుర్రాళ్ళు వేలమంది సూరత్ పవర్‌లూమ్‌లకు పోతారు. షెడ్డులో పన్నెండు గంటల డ్యూటీ, రాత్రి డ్యూటీ అయితే పగలంతా నిద్ర. వాళ్ళు యాభై దాటి ఊరికి తిరిగొచ్చినప్పుడు వాళ్ళ ఎముకలు వాళ్ళ నాన్నల ఎముకల్లా ఉండవు. ముగ్గురికీ రిపోర్టులో ఒకటే గడి, ఏషియన్.

సరిహద్దు దాటి ఇచ్ఛాపురం వైపు దిగితే ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి ఊళ్ళలో మూత్రపిండాల జబ్బు ఎంతమందిని పట్టిందో అందరికీ తెలుసు. అక్కడి నుంచి వైద్యానికి బరంపురం వచ్చేవాళ్ళూ ఉన్నారు. అది ఎముకల జబ్బు కూడా అని మాత్రం చాలామందికి తెలియదు. ఒంట్లోకి వచ్చిన విటమిన్ డి పనికొచ్చే రూపానికి మారేది మూత్రపిండంలోనే. అది దెబ్బతింటే డి పనిచెయ్యదు, ఫాస్ఫరస్ బయటికి పోదు, మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు రెచ్చిపోయి ఎముకలోని కాల్షియాన్ని తోడేస్తాయి. డెక్సాలో ఇదీ, వయసుతో వచ్చే గుల్లతనమూ ఒకేలా కనిపిస్తాయి. వైద్యం మాత్రం వేరు. మామూలుగా ఇచ్చే ఎముకల మందులు కొన్ని దెబ్బతిన్న కిడ్నీకి పడవు. అందుకే కొబ్బరితోటల్లో పనిచేసిన 60 ఏళ్ళ ఉద్దానం మనిషి నడుంనొప్పితో వస్తే ఆయన జాతి అడిగే ముందు మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్, అడగాలి.

పుట్టుకతో వచ్చే తేడా నిజంగా లెక్కలోకి వచ్చే సందర్భం ఒకటుంది, సికిల్ సెల్. కోరాపుట్, రాయగడ వైపు కొన్ని సమాజాల్లో ఇది తరాలుగా ఉంది. వంపు తిరిగిన ఎర్రకణాలు తుంటి ఎముక తలకు రక్తం అందకుండా అడ్డుపడితే అక్కడి ఎముక చచ్చి కూలిపోతుంది. వయసుమళ్ళక ముందే కుంటుతున్న మగవాడిని 'అరుగుదల' అని పంపేయకుండా ఒక రక్తపరీక్ష చేయించాలి. 2023 జులైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద గిరిజన ప్రాంతాల్లో ఈ పరీక్షలు చేస్తున్నారు.

మగవాళ్ళలో ఎముకలు గుల్లబారితే వెనక ఇంకో కారణం దాగి ఉండే అవకాశం ఆడవాళ్ళలోకంటే ఎక్కువ. మన ప్రాంతంలో నన్ను ఎక్కువ భయపెట్టేది స్టెరాయిడ్. ఉబ్బసానికో కీళ్ళనొప్పులకో ఊళ్ళో వేయించుకునే 'పవర్ సూది', పేరులేని పొట్లాంలో ఇచ్చే మాత్రలు, నాటుమందు పేరుతో అమ్మే పొడులు. వీటిలో స్టెరాయిడ్ కలిపి ఉండటం దేశమంతటా బయటపడుతూనే ఉంది. రెండుమూడు నెలలు వాడినా ఎముక దెబ్బతినడం మొదలవుతుంది. నొప్పి మాత్రం మాయమవుతుంది కాబట్టి ఆ మందు ఇచ్చినాయన దేవుడిలా కనిపిస్తాడు. తర్వాత చుట్ట, పికా, సారా. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు హార్మోన్ ఆపే సూదులు వేయించుకునేవాళ్ళు కూడా ఎముకల సంగతి డాక్టర్ని అడిగి తీరాలి.

ఎండ, తిండి గురించి తిరుపతి వైద్యులు చేసిన పని మనకు దగ్గరి చుట్టం. 2007లో వచ్చిన వాళ్ళ లెక్కల్లో పల్లె మగవాళ్ళ విటమిన్ డి సగటు మిల్లీలీటరుకు 24 నానోగ్రాములకు దగ్గర, పట్నం మగవాళ్ళది 18.5. పొలంలో ఎండ తగిలినవాళ్ళకే తేడా. కాల్షియం మాత్రం ఇద్దరికీ రోజుకు 300 మిల్లీగ్రాముల చుట్టుపక్కలే. మన పోషకాహార సంస్థ 2020లో పెద్దవాళ్ళకు రోజుకు 1,000 మిల్లీగ్రాములు కావాలంది. చామన ఒంటికి డి తయారుకావడానికి ఎక్కువసేపు ఎండ కావాలి, మన అక్షాంశాల్లో పదకొండు నుంచి రెండు మధ్య ఎండే అందుకు బలమైనది. పొద్దున ఆరింటి లేత ఎండ మంచిదన్న మాట ఎంత పాతదైనా డి విషయంలో పనికిరాదు. అలాగని అందరూ బిళ్ళలు మింగితే సరిపోతుందా అంటే, అమెరికాలో 25,871 మంది మీద జరిగి 2022లో అచ్చయిన పరీక్షలో రోజూ డి ఇచ్చినా విరుగుళ్ళు తగ్గలేదు. అక్కడ చాలామందికి ముందే చాలినంత డి ఉంది, నిజంగా లోపం ఉన్నవాళ్ళ సంగతి వేరు. అరవైవేల యూనిట్ల పొట్లాలు పరీక్ష లేకుండా ఏళ్ళ తరబడి మింగడం మాత్రం ప్రమాదం.

ఇక తిండిలో మన చేతిలో ఉన్నది చోడి. వంద గ్రాముల చోళ్ళలో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది, అదే బియ్యంలో పది మిల్లీగ్రాముల చుట్టూ. ఒడియావాళ్ళ మాండియా జావు, మన చోడంబలి ఒకటే తిండి. పులియబెట్టి కాస్తే కాల్షియాన్ని పట్టి ఉంచే ఫైటేట్లు తగ్గుతాయి కాబట్టి పాత పద్ధతిలో రాత్రి నానబెట్టి చేసినదే మేలు. 2017లో ఒడిశా ప్రభుత్వం గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టాక చోడికి మళ్ళీ అంగట్లో విలువొచ్చింది. పట్నంలో ఉద్యోగం చేసి రిటైరైన మనవాళ్ళు మాత్రం దాన్ని ఇంకా పేదవాడి తిండిగానే చూస్తున్నారు. గోపాల్‌పూర్ ఎండు నెత్తళ్ళు ముల్లుతో సహా నమిలితే అదీ కాల్షియమే. మునగాకు పెరట్లోనే ఉంది. కాల్షియంతోపాటు మాంసకృత్తులు కూడా కావాలి, ఎందుకంటే కండ తగ్గిన మనిషి పడతాడు, పడితేనే తుంటి విరుగుతుంది. పడటం అన్నది ఏ స్కాన్‌లోనూ కనిపించదు. రాత్రి బాత్‌రూమ్ దారిలో దీపం, శుక్లాల ఆపరేషన్, జారని చెప్పులు, మత్తు కలిగించే నిద్రమాత్రలు మానడం, ఇవి ఎముకల మందులతో సమానం.

స్కాన్ ఎవరికి? అమెరికా నిపుణుల బృందం 2025లో కూడా మగవాళ్ళందరికీ తీయమనలేదు, ఆధారాలు చాలవంది. కాబట్టి గుర్తులను బట్టి పోవాలి. నిలబడ్డ ఎత్తు నుంచి పడి ఎముక విరిగితే, యవ్వనంలోని ఎత్తు నుంచి 4 సెంటీమీటర్లు తగ్గితే, మూడు నెలలు స్టెరాయిడ్ వాడితే, నాన్నకో అమ్మకో తుంటి విరిగి ఉంటే. పాత సర్వీసు రిజిస్టరులోనో డ్రైవింగ్ లైసెన్సు కాగితాల్లోనో ఎత్తు రాసి ఉంటే దాంతో ఇవాళ గోడకు నిలబెట్టి పోల్చవచ్చు. దీనికి మెషిన్ అక్కర్లేదు, కొలబద్ద ఎవరిదన్న తగువూ లేదు. ఎవరి ఎత్తు వాళ్ళదే.

అన్నిటికంటే పెద్ద అన్యాయం తుంటి విరిగాక జరుగుతోంది. ఆపరేషన్ చేస్తారు, రాడ్డు వేస్తారో బంతి మారుస్తారో, కుట్లు విప్పి ఇంటికి పంపుతారు. ఎముక ఎందుకు విరిగిందని అడగరు. మగవాళ్ళ విషయంలో ఈ నిర్లక్ష్యం ఇంకా ఎక్కువ. 2007లో అచ్చయిన పరీక్షలో తుంటి ఆపరేషన్ అయిన 90 రోజుల్లోపు జోలెడ్రోనిక్ ఆమ్లం అనే సూదిని ఏడాదికొకసారి ఇస్తే కొత్తగా ఎముకలు విరగడం 35 శాతం, మరణాలు 28 శాతం తగ్గాయి. ఆ పరీక్షలో దాదాపు నాలుగోవంతు మగవాళ్ళు. ఇది మన దేశంలో దొరుకుతుంది. నాన్నకో మావయ్యకో ఆపరేషన్ అయితే డిశ్చార్జి కాగితాలు తీసుకునేటప్పుడు "ఎముక గట్టిపడే సూది ఇస్తారా డాక్టరుగారూ?" అని అడగండి. వేయించే ముందు క్రియాటినిన్, రక్తంలో కాల్షియం, విటమిన్ డి చూడమనండి. డి తక్కువుంటే ముందు అది సరిచేసుకోవాలి. మూత్రపిండాల పనితీరు నిమిషానికి 35 మిల్లీలీటర్ల కిందికి పడి ఉంటే ఈ సూది మానేసి, ఎముకలూ కిడ్నీ రెండూ తెలిసిన డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.